మనవడికి ఒక సిక్ రిపోర్ట్

వినుకొండ



తెల్లారకముందే రామలింగేశ్వరస్వామి కొండ కింద రోడ్డు మీద నువ్వూ నీ జట్టూ పరుగు తీస్తున్నారని మీ నాన్న చెప్పాడు. 1600 మీటర్లు ఎంతలో కొట్టాలో మీకు నోటికొచ్చు. పట్టాళంలో జ్వరమొస్తే ఏం చేస్తారో, బయటికొచ్చాక మోకాలు పట్టేస్తే ఎవరి గుమ్మం ఎక్కాలో మాత్రం ఒక్కడికీ తెలియదట. మెడికల్ కోరులో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి, హవల్దారుగా దిగిపోయిన ముసలాడు ఇంట్లో ఉండగా ఇది మీ తాతకే నామోషీ.

సిపాయికి జబ్బు చేస్తే ముందు సిక్ రిపోర్ట్ పుస్తకంలో పేరు పడాలి. ఆ తర్వాతే ఎంఐ రూము, అంటే యూనిట్‌లోని వైద్యపు గది. అక్కడ యూనిట్ డాక్టరు నాడి చూసి 'ఎం అండ్ డి' అని రాశాడంటే మందు మింగి డ్యూటీకి పొమ్మని. 'అటెండ్ సి' అంటే విశ్రాంతి. ఎం అండ్ డి పడినవాడి మొహం పచ్చిమిరపకాయ కొరికినట్టుండేది. అక్కడ తీరని జబ్బు మిలటరీ ఆసుపత్రికి, ఇంకా ముదిరితే కమాండ్ ఆసుపత్రికి పోతుంది. మన తెలుగు నేల మీద సికింద్రాబాదులో మిలటరీ ఆసుపత్రి ఉంది, విశాఖలో నౌకాదళం వారి ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి ఉంది. రెగ్యులర్ సైనికుడి భార్యాబిడ్డలకూ, అతని మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకూ అక్కడే వైద్యం. అన్నట్టు, 1897లో దోమ పొట్టలో మలేరియా క్రిమిని పట్టుకున్న రొనాల్డ్ రాస్ కూడా సికింద్రాబాదులో కొలువు చేసిన మిలటరీ డాక్టరే. మెడికల్ కోరు వాళ్లం ఈ సంగతి అడక్కపోయినా చెప్పేస్తాం.

ఫౌజులో మనిషి ఆరోగ్యాన్ని 'షేప్' అని ఐదు ఇంగ్లీషు అక్షరాల్లో కొలుస్తారు. మనసు, చెవి, కాళ్లూ చేతులూ, ఒంటి సత్తువ, కంటిచూపు. ఐదూ బాగుంటే షేప్ వన్. ఈ కొలతంటే జవాన్లకు భయం, కేటగిరీ తగ్గితే ప్రమోషన్ ఆగుతుందని. మీ తాతతో పాటు ఉన్న ఫిరంగి దళం మనిషి ఒకాయనకు ఎడమ చెవి మోగుతూ ఉండేది. ఎంఐ రూములో ఒక్కసారీ చెప్పలేదు. రిటైరయ్యేటప్పుడు జరిగే పరీక్షలోనూ 'సబ్ ఠీక్ హై సాబ్' అనేశాడు. ఊరికొచ్చిన పదేళ్లకు పూర్తిగా వినపడటం మానేసింది. డిసెబిలిటీ పింఛను రావాలంటే ఆ లోపం సర్వీసు వల్ల వచ్చిందనో, సర్వీసు వల్ల ముదిరిందనో తేలాలి. ఎక్కడా ఒక్క ముక్క రాసి లేనప్పుడు తేల్చేదెలా? దెబ్బ తగిలిన రోజే అది కాగితం మీదికెక్కాలి నాన్నా, ఎంత చిన్నదైనా.

యూనిఫాం విప్పిన రోజుతో ఎంఐ రూము వాకిలి మూసుకుంటుంది. ఒకప్పుడు రిటైరైన మిలటరీవాళ్లకు నెలకు 100 రూపాయల వైద్య భత్యం చేతిలో పెట్టేవారు. పెద్ద జబ్బు చేస్తే రైలెక్కి సికింద్రాబాదు పోవాల్సిందే. 2003 ఏప్రిల్ 1న ఈసీహెచ్‌ఎస్ వచ్చింది, మాజీ సైనికుల వైద్యం కోసం పెట్టిన పథకం. చందా ఒక్కసారే కట్టాలి. ఇప్పటి లెక్కలో సిపాయి నుంచి హవల్దారు దాకా 30,000 రూపాయలు, సుబేదార్ల వరుస జేసీఓలకు 67,000, ఆఫీసర్లకు 1,20,000. యుద్ధంలో భర్తను పోగొట్టుకున్నవారు కట్టనక్కర్లేదు. భార్యకు జీవితాంతం వర్తిస్తుంది. కొడుక్కి 25 ఏళ్లు నిండేదాకానో, ఉద్యోగమో పెళ్లో అయ్యేదాకానో. కూతురికి పెళ్లో సంపాదనో వచ్చేదాకా. వికలాంగులైన పిల్లలకు వయసు అడ్డు లేదు. ఈ పథకం కింద మొదట 227 పాలీక్లినిక్‌లు మంజూరయ్యాయి, తర్వాత దేశమంతా కలిపి 400 దాటాయి. మనవాళ్లు పోయేది గుంటూరుకు.

చెప్పుకోవడానికి బాగానే ఉంది. మీ నాయనమ్మ కథ వింటే ఎక్కడ పీట ముడి పడుతుందో తెలుస్తుంది. పెళ్లయిన కొత్తలో యూనిట్ గుమస్తా రికార్డులో ఆవిడ పేరు 'లక్ష్మి' అని రాసుకున్నాడు. ఆధార్‌లో 'వెంకట లక్ష్మమ్మ'. రెండు కళ్లలో శుక్లాలు వచ్చిన ఏడాది ఈసీహెచ్‌ఎస్ కార్డు మార్పించబోతే పేర్లు కలవలేదని దరఖాస్తు తిరుగుటపాలో వచ్చింది. అఫిడవిట్ అన్నారు, రికార్డ్ ఆఫీసు అన్నారు, మళ్లీ అఫిడవిట్ అన్నారు. ఆ సీజనులో కల్లంలో మిరపకాయలు ఏరడానికి కూర్చుంటే తాలుకాయకూ ఎర్రకాయకూ తేడా తెలియక, ఒక్కో కాయనూ కంటి దగ్గరికి తెచ్చుకుని తిప్పితిప్పి చూసేది. ఘాటుకు కళ్లమ్మట నీళ్లు. పక్కన కూర్చున్న కూలీలు నవ్వితే తనూ నవ్వేది. తప్పు ఎవరిదంటే సగం ఆ గుమస్తాది, సగం ముప్పై ఏళ్లు ఆ కాగితం మడత విప్పి చూడని మీ తాతది.

పాలీక్లినిక్‌కు పోయే రోజు మొదటి బస్సు పట్టుకోవాలి. నరసరావుపేట మీదుగా గుంటూరు, మొత్తం తొంభై కిలోమీటర్ల దాకా. కౌంటర్లో స్మార్ట్ కార్డు ఇస్తే టోకెన్ ఇస్తారు. బీపీ చూస్తారు, డాక్టరు చూస్తాడు, బీపీకీ షుగరుకూ మందులు అక్కడే ఇస్తారు. స్పెషలిస్టు కావాలంటే రెఫరల్ రాస్తారు. అది పట్టుకుని ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే రోగి పైసా తీయక్కర్లేదు, బిల్లు సర్కారుకు పోతుంది. వార్డు హోదాను బట్టి. హవల్దారుకు జనరల్ వార్డే. బెంచీ మీద కూర్చున్న సుబేదార్లకు, హవల్దార్లకు ఇప్పటికీ సీనియారిటీ పట్టింపులున్నాయి. టోకెన్ నంబరు మాత్రం ఎవరికీ సెల్యూట్ కొట్టదు.

అర్ధరాత్రి గుండె పట్టేస్తే గుంటూరు దాకా రెఫరల్ కోసం పోనక్కర్లేదు. దగ్గరున్న ఆసుపత్రిలో చేర్చడమే. ఒప్పందం ఉన్నదైతే వాళ్లే ఈసీహెచ్‌ఎస్‌కు తెలియజేయాలి. లేనిదైతే 48 గంటల్లోపు ఇంటివాళ్లు పాలీక్లినిక్‌కు కబురు చేసి, ముందు డబ్బు కట్టి తర్వాత బిల్లులు పెట్టుకోవాలి. తిరిగొచ్చేది ప్రభుత్వ రేటు ప్రకారమే, ఆసుపత్రి వేసిన బిల్లంతా కాదు. మన ఊరి మాజీ సైనికుల ఇళ్లలో ఆడవాళ్లకు ఈ 48 గంటల సంగతి తెలియదు. తెలిసిన మగవాడేమో ఆ రాత్రి స్ట్రెచర్ మీద ఉంటాడు.

ఇక నీ సంగతి. 2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద పట్టాళంలో చేరితే నాలుగేళ్లపాటు సైనిక ఆసుపత్రి నీదే. 48 లక్షల బీమాకు నువ్వు చందా కట్టక్కర్లేదు. సర్వీసు వల్ల అంగవైకల్యం వస్తే దాని శాతాన్ని బట్టి 44, 25, 15 లక్షలు. నాలుగేళ్ల తర్వాత రెగ్యులర్‌గా తీసుకునేది 25 శాతం దాకానే. తక్కినవాళ్లకు పింఛనూ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ కార్డూ లేదు. ఇరవై రెండేళ్ల కుర్రాడికి కార్డెందుకని మీ బాబాయి అంటాడు. నాలుగేళ్లు బరువు మోసిన మోకాలు నలభైలో అడుగుతుంది. చేరొద్దని మీ తాత అనడు, ఆ బట్టలు వేసుకున్నవాడు అనలేడు. దెబ్బ తగిలితే రాయించుకో, ఆ నకలు ఇంటికి పంపు. నాలుగేళ్లయ్యాక చేతికొచ్చే సేవానిధి డబ్బులో కొంత ఆరోగ్య బీమాకని ముందే పక్కన పెట్టు, బైకుకు కాదు.

ఈ సోమవారం నాయనమ్మ మందులు అయిపోతాయి. ఆరింటి బస్సుకు తోడు రా. కార్డు ఆవిడ కొంగుముడిలో ఉంటుంది, ఆధార్ బీరువా పై అరలో. దాని మీద పేరు ఒకసారి చదివి చూడు.

మీ తాత