మామ్మ అండమాన్ ప్రయాణం

మామ్మది శ్రీకాకుళం జిల్లా. ఆమె తమ్ముడు అండమాన్‌లో ఉన్నాడు. ఈ జిల్లా నుంచి బతుకుతెరువుకు అక్కడికి వెళ్ళినవాళ్ళు చాలామంది. వాళ్ళుండే పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు.

"వచ్చే నెల వెళ్దామా?" అంది మామ్మ. అది మే నెల.

"వద్దు మామ్మా. ఇక వానలు. సముద్రం ఉడుకు మీద ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల భయం. సంక్రాంతి అయ్యాక వెళ్దాం" అన్నాడు మనవడు.

విశాఖ నుంచి ఓడ ఉంది. సుమారు 1200 కిలోమీటర్ల దూరం. రెండున్నర రోజులు పడుతుంది. అయితే ఈ ఓడ సాధారణంగా నెలకు ఒక్కసారే. బస్సు తప్పితే ఇంకో బస్సు వస్తుంది. ఓడ తప్పితే నెల ఆగాలి! తేదీలు కూడా మారుతుంటాయి. అందుకే ఒక రోజు ముందే విశాఖ చేరాలి. ఓడ ఆలస్యమైతే? రెండు రోజుల తిండి ఖర్చు వేరుగా ఉంచుకోవాలి.

తిరుగు ప్రయాణమే చిక్కు. విశాఖ ఓడ కుదరకపోతే చెన్నై ఓడ ఎక్కాలి. అవి ఎక్కువ. చెన్నై నుంచి రైలు.

మామ్మకు స్వరాజ్ ద్వీప్ కూడా చూడాలని ఉంది. పాత పేరు హేవ్‌లాక్. దాన్ని చివరి రోజుకు పెట్టుకోకూడదు. గాలి లేస్తే పడవలు ఆపేస్తారు. మనం అక్కడే చిక్కుకుంటాం, ఇక్కడ ఓడ వెళ్ళిపోతుంది. ముందు ఆ దీవి, తర్వాత సెల్యులర్ జైలు. పొద్దున్నే బయలుదేరాలి. జనవరిలో అక్కడ సాయంత్రం అయిదు దాటగానే పొద్దు గుంకుతుంది.

"ఓడలో అన్నం పెడతారట్రా?"

"డబ్బులిస్తే పెడతారు. అయినా జంతికలు చెయ్యి మామ్మా."