పంట నమోదు, భూసార పట్టికల జోడింపులో దోషాలు: అనంతసాగరం మండల నివేదిక దృష్ట్యా

సోమశిల జలాశయం గల అనంతసాగరం మండలంలో నీటి వసతి భూములు, వర్షాధార భూములు ఒకే నివేదికలో చేరుతాయి. ఈ-పంట నమోదును భూసార పరీక్ష ఫలితాలతో జోడించినప్పుడు మొదట సరిచూడవలసినది మొత్తం విస్తీర్ణం. జోడింపు తరువాత అది పెరిగితే దోషం ప్రశ్నలోనే ఉన్నది.

సర్వే నంబర్లు ప్రతి గ్రామంలోనూ ఒకటి నుండి మొదలవుతాయి; కనుక గ్రామ కోడు కూడా జోడింపు షరతులో ఉండాలి. అది ఉన్నప్పటికీ, ఒకే నంబరులో చెరి ఒక ఎకరం సాగుచేసే ఇద్దరు రైతులు, వేర్వేరు సంవత్సరాల రెండు మట్టి నమూనాలు ఉంటే నాలుగు వరుసలు వస్తాయి. రెండెకరాలు నాలుగుగా కనబడతాయి. గ్రామం, నంబరు, విస్తీర్ణాలపై 'డిస్టింక్ట్' వేసి దీనిని కప్పిపుచ్చడం విద్యార్థులలో తరచు కనిపించే అలవాటు. అప్పుడు ఆ ఇద్దరిలో ఒకరు మాయమవుతారు. ప్రతి నంబరుకు తాజా నమూనాను మాత్రమే ఎంచి, ఆ పిమ్మట జోడించాలి.

ఇంతకంటే ప్రమాదకరమైనది తగ్గుదల. 12-3 వంటి ఉపవిభాగాన్ని స్ప్రెడ్‌షీట్ తేదీగా మార్చివేస్తుంది; ఇన్నర్ జాయిన్‌లో ఆ వరుస చడీచప్పుడు లేకుండా రాలిపోతుంది. అదే పంట నష్టపు జాబితా అయితే ఆ రైతు పేరే ఉండదు. లెఫ్ట్ జాయిన్ వాడి, జత దొరకని వరుసలను విడిగా తీసి గ్రామంలో సరిచూడాలి.

సగటుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2015లో ప్రారంభమైన భూసార పత్రాల పథకంలో నీటి వసతి భూములలో 2.5 హెక్టార్లకు, వర్షాధార భూములలో 10 హెక్టార్లకు ఒక నమూనా చొప్పున నిర్దేశించారు. కావున మండల సేంద్రియ కర్బన సగటును విస్తీర్ణపు భారంతో గణించి, నమూనాల సంఖ్యను పక్కనే చూపాలి.