పందెమును కాచువారు

మహాశివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్ళకు పోయినవారెల్లరు ప్రభలను చూచియే యుందురు. నరసరావుపేట చుట్టుపట్ల పల్లెలనుండి ఆకాశమునంటునట్లు నిలిచిన ప్రభలు దీపములతో వెలుగుచు కదలివచ్చును. చూపరుల కన్నులు ప్రభ కొననే చూచును. దానికి ఇరుప్రక్కల మోకులు పట్టి నడచువారిని గమనించువారు కొందరే. ప్రభ ఒకవైపునకు ఒరిగినపుడు రెండవవైపు మోకును బిగబట్టి నిలుపువారు వారే. వారు ఆగుమని కేకవేసినంతనే బండి తోలువాడు ఆగవలెను. పూర్వము ఎడ్లు లాగినను, నేడు ట్రాక్టరు లాగినను ఈ అవసరము మారలేదు. మోకు పట్టినవాని చూపును, తోలువాని విధేయతయు కలిసినపుడే ప్రభ క్షేమముగ కొండ చేరును.

మన పల్నాటి బండలాగుడు పందెములును ఇట్టివే. ఒంగోలు జాతి ఎడ్లను పండ్లనుబట్టి తరగతులుగ విభజించి, నిర్ణయించిన కాలములో ఏ జత ఎంత దూరము బండను లాగినదో అడుగులలో కొలిచి గెలుపు తేల్చుదురు. కాలము చూచువాడొకడు, దూరము కొలుచువాడొకడు, జనము బాటలోనికి రాకుండ తాడు పట్టువారు కొందరు ఉందురు. బహుమానము ఎడ్లకును వాని యజమానికిని దక్కును. తాడు పట్టినవానికి దక్కునది ఎండయు, దుమ్మును మాత్రమే. అయినను అతడు లేనిచో పందెము లేదు.

ఇదే ధర్మము మోటారు పందెములందును కలదు. మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు 1953లో ఏర్పడినది. నగరమునకు ఉత్తరమున షోలవరములో, రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానపు బాటపై చాలాకాలము కార్ల పందెములు జరిగినవి. 1990లో శ్రీపెరుంబుదూరు సమీపమున ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకముగ పందెపు బాట వెలసినది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరు ఒడ్డున విద్యుత్తుతో నడచు ఫార్ములా ఈ కార్లు పరుగిడినవి. బాటలు మారినవి, బండ్లు మారినవి. కాని బాట ప్రక్కన జెండా పట్టి నిలుచు మనుష్యుడు ఎచ్చటనైనను ఉండవలసినదే. అతనిని మార్షల్ అందురు.

ఈ మార్షళ్ళ విలువ పాతకార్ల పందెములలో మరింత స్పష్టముగ తెలియును. మన దేశమున స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ఢిల్లీలో పాతకార్ల ర్యాలీని ప్రారంభించినది. అది ప్రదర్శనతో కూడిన యాత్రయే కాని వేగపు పందెము కాదు. ఇంగ్లండులోని గుడ్‌వుడ్‌లో మాత్రము పాతకార్లు నిజముగనే పోటీపడును. ఆ బాట 1948లో తెరువబడి, 1966లో పందెములకు మూతపడి, 1998లో పునరుద్ధరింపబడినది. వెనుకటి కాలపు కార్లే అచ్చట మరల పరుగిడుచున్నవి.

పాతకారు ముసలి ఎద్దువంటిది కాదు, దాని వేగము తగ్గలేదు. తగ్గినది దాని ఓర్పు. అనేకమైన పాతకార్లకు డ్రమ్ము బ్రేకులే ఉండును. అవి వేడెక్కినచో పట్టు సడలును. టైర్లు సన్ననివి. గొట్టములనుండి నూనె కారుట సామాన్యము. ఆ నూనె బాటపై పడినచో వెనుక వచ్చు కారు జారిపోవును. కొన్ని కార్లలో నడుపువానికి నడికట్టు పట్టీయైనను మొదట ఉండెడిది కాదు. కావున ఇట్టి పందెమున అపాయమును ముందుగ కనిపెట్టు కన్ను మిక్కిలి అవసరము.

మార్షళ్ళలో చాలమంది జీతము లేని స్వచ్ఛంద సేవకులు. ఆటపై ప్రేమతోనే సెలవుదినములను విడిచి వచ్చి, తెల్లవారుజాముననే తమ స్థానములలో నిలుచుదురు. వారి భాష జెండాల భాష. పసుపు జెండా ఊపినచో ముందు అపాయము కలదు, వేగము తగ్గింపుము, ఎవరిని దాటిపోకుము అని అర్థము. రెండు పసుపు జెండాలు కలిపి ఊపినచో బాటకు అడ్డు కలదు, ఆగుటకైనను సిద్ధపడుము అని అర్థము. పసుపుపై ఎఱ్ఱచారల జెండా బాట జారుచున్నదని తెలుపును. నీలి జెండా వెనుక వేగవంతుడు వచ్చుచున్నాడని చెప్పును. ఎఱ్ఱ జెండా పందెమునే ఆపును. పచ్చజెండా బాట నిరపాయమని తెలుపును.

మార్షలునకు ధైర్యము చాలదు, నియమము కావలెను. వచ్చు కార్లకు వీపు చూపరాదు. ఒకడు పనిచేయునపుడు వేరొకడు బాటను కనిపెట్టి చూడవలెను. 1977 మార్చి 5న దక్షిణాఫ్రికాలోని క్యాలమీలో ఒక కారు బాట అంచున నిలిచి, స్వల్పముగ మంట లేచినది. పందొమ్మిదేండ్ల మార్షల్ ఒకడు మంటలార్పు సాధనమును చేతబట్టి బాటకు అడ్డముగ పరుగెత్తినాడు. బాటలోని మిట్ట వలన వచ్చు కార్లు అతనికి కానరాలేదు, అతడును వారికి కానరాలేదు. టామ్ ప్రైస్ అను యువకుని కారు అతనిని ఢీకొన్నది. ఇరువురును ఆ క్షణముననే మరణించిరి. ఆ యువకుని మనసు గొప్పది. కాని మంచి మనసునకు తోడుగ కాచి చెప్పు కన్ను లేనిచో ఒక చిన్న మంట రెండు ప్రాణములను కొనిపోవును.

అంతకు నాలుగేండ్లకు ముందు, 1973 జూలై 29న, హాలండులోని జాండ్‌వోర్టులో రోజర్ విలియమ్సన్ కారు బోల్తాపడి అంటుకొన్నది. అతడు దాని క్రింద చిక్కుకొనెను. అచ్చటి మార్షళ్ళకు మంటను తట్టుకొను దుస్తులు లేవు. పందెము ఆగలేదు. డేవిడ్ పర్లీ అను పోటీదారు మాత్రము తన కారును నిలిపి, బాట దాటి పరుగెత్తి, మండుచున్న కారును ఒంటరిగ ఎత్తజూచెను. మిత్రుని రక్షింపలేకపోయినను, గెలుపును విడిచి మనిషిని వెదకినందుకు బ్రిటిషు ప్రభుత్వము అతనికి జార్జి పతకము నిచ్చెను. దాటిపోయినవారిలో పలువురు పర్లీయే ఆ కారునుండి బయటపడినవాడని భ్రమపడిరి. ఆనాటి కార్లవంటివే నేడు పాతకార్ల పందెములలో పరుగిడుచున్నవి. కాని నేటి మార్షళ్ళకు శిక్షణయు, తగిన సాధనములును కలవు. ఆ మరణములు నేర్పిన పాఠములలో ఇది ముఖ్యమైనది.

ఇక కారు నడుపువాని బాధ్యత యేమి? పందెమునకు ముందు జరుగు సమావేశమునకు వచ్చి నియమములు వినవలెను. కారును తనిఖీకి దాచక చూపవలెను. పసుపు జెండా కనిపించినంతనే, ఎదురుగ ఏమియు కానరాకున్నను, వేగము తగ్గింపవలెను. ఏలయన, ఆ మలుపు వెనుక ఎవడో ఒకడు వంగి నూనె తుడుచుచుండవచ్చును. తన కారు నూనె కార్చినచో బాటవెంట తిరిగిరాక, వెంటనే ప్రక్కకు తప్పుకొనవలెను. చెడినచో మార్షల్ ఉన్నచోటికి సమీపమున, ఎవరికిని అడ్డుకాని తావున నిలిపి, అడ్డుగోడ వెనుకకు పోవలెను. పందెము ముగిసిన పిమ్మట మెల్లగ సాగుచు మార్షళ్ళకు చేయెత్తి వందనము చేయు మంచి ఆచారమును పాటింపవలెను.

ఇందు తర్కము ఒక్కటే. నడుపువాడు ఇనుములో కూర్చున్నాడు, మార్షల్ నేలపై నిలిచియున్నాడు. జెండాను నమ్మి మార్షల్ బాటలో అడుగు పెట్టును. ఆ జెండాను లెక్కచేయనివాడు పందెపు నియమమునే కాదు, ఒక మనుష్యుని నమ్మికను త్రొక్కుచున్నాడు. పల్నాటి కథలో కోడిపందెపు ఒడంబడిక ప్రకారము ఓడినవారు ఏడేండ్లు వలస పోయిరి. గడువు ముగిసినను వారి రాజ్యమును వారికి ఈయకపోవుటచేతనే కదా కారంపూడి నేల రక్తసిక్తమైనది! పందెము చిన్నది కావచ్చును, దాని మాట చిన్నది కాదు.

బాలలారా! రేపు మీ పాఠశాల ఆటలపండుగలో ఒకరు పరుగిడుదురు, ఒకరు తాడు పట్టుదురు. పరుగిడువారు తాడు పట్టినవాని మాట వినుడు. తాడు పట్టినవారు పరుగుచూచి మైమరచి తాడు విడువకుడు. గెలిచినవాని పేరు పలకపై వ్రాయబడును. ఎవరికిని గాయము కాకుండ సాయంకాలము అందరును ఇల్లు చేరుట మాత్రము, పేరు వ్రాయబడని వారి గెలుపు.

ప్రశ్నలు

1. ప్రభకు మోకు పట్టువానికిని, మోటారు పందెపు మార్షలునకును గల పోలికయేమి?
2. పాతకార్ల పందెములలో అపాయము హెచ్చుటకు కారణములేవి?
3. క్యాలమీ, జాండ్‌వోర్టు సంఘటనలనుండి మార్షళ్ళును, నడుపువారును నేర్చుకొనదగిన దేమి?
4. ఎదురుగ ఏమియు కానరాకున్నను పసుపు జెండాకు ఏల లోబడవలెను?