ఇంటి పెరడు – బిడ్డల ఆటస్థలము

బిడ్డల పెరుగుదలకు ఆహారము, నిద్ర ఎంత అవసరమో ఆటయు అంత అవసరము. పరుగెత్తుట, గెంతుట, ఎక్కుట, దిగుట మున్నగు చేష్టలవలన ఎముకలు గట్టిపడును. కండరములకు బలము చేకూరును. గుండె, ఊపిరితిత్తులు చక్కగా పనిచేయును. తోటివారితో ఆడుకొను బిడ్డ తన వంతు వచ్చువరకు వేచియుండుట, ఓటమిని ఓర్చుకొనుట, తగవును తానే తీర్చుకొనుట నేర్చుకొనును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019వ సంవత్సరమున ప్రకటించిన సూచనల ననుసరించి 3, 4 ఏండ్ల బిడ్డలు రోజునకు 3 గంటలకు తక్కువ కాకుండ కదలుచు ఆడుకొనవలెను. అందులో ఒక గంటయైనను ఆయాసము కలుగునట్టి చురుకైన ఆట ఉండవలెను. 5 మొదలు 17 ఏండ్లవరకు గలవారికి దినమునకు సగటున 60 నిమిషముల చురుకైన వ్యాయామము అవసరము. 2 మొదలు 4 ఏండ్ల పిల్లలు ఫోను, టెలివిజను మొదలగువాని యెదుట రోజునకు ఒక గంటకు మించి కూర్చుండరాదనియు, అదియు ఎంత తగ్గిన అంత మేలనియు ఆ సంస్థ తెలిపినది. ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20వ తేదీన ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక తన 31వ అధికరణమున ఆటను బిడ్డల హక్కుగా గుర్తించినది. భారతదేశము 1992 డిసెంబరులో ఆ ఒడంబడికను అంగీకరించినది.

మరి ఆడుకొనుటకు చోటెక్కడ? అనేక గృహములలో ఆ చోటు వంటయింటి తలుపు తీయగనే కనబడును. అదియే పెరడు.

భిలాయిలో పెరళ్ళు

భిలాయి ఉక్కు కర్మాగారమును సోవియట్ దేశపు సహకారముతో నిర్మించుటకు 1955 ఫిబ్రవరి 2వ తేదీన ఒడంబడిక కుదిరినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాదుగారు మొదటి కొలిమిని ప్రారంభించిరి. కర్మాగారముతోపాటు సెక్టారులుగా విభజింపబడిన నివాసనగరము వెలసినది. అందలి క్వార్టర్లలో అనేకమునకు వెనుకభాగమున కొంత ఖాళీస్థలము గలదు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము మొదలగు ప్రాంతములనుండి ఉద్యోగములకై వచ్చిన తెలుగు కుటుంబములు ఆ స్థలమున కరివేపచెట్టు నాటుకొని, తులసికోట కట్టుకొని దానిని తమ యూరి పెరడువలె చేసికొన్నవి.

కాలక్రమమున ఆ పెరడు పాత సామానుల కొట్టుగా మారుట కలదు. పగిలిన కుండీలు, పాత టైర్లు, తుప్పుపట్టిన రేకులు, పనిచేయని కూలరు అచ్చట చేరును. పిల్లలు అటు పోయిన పెద్దలు కేకలు వేయుదురు. చివరకు పిల్లలు గదిలో ఫోను పట్టుకొని కూర్చుందురు. 1972లో ఏర్పడిన మైత్రీబాగ్ వంటి చక్కని ఉద్యానవనము నగరములో ఉన్నను, అచ్చటికి సెలవుదినమున గాని పోవుటకు వీలుపడదు. ప్రతిదినపు ఆటకు పెరడే ఆధారము.

మొదటి పని: అపాయములను తొలగించుట

ఆటవస్తువులు కొనుటకు ముందు, తల్లిదండ్రులు ఒక ఆదివారము ఉదయమున పెరడంతయు నడచి చూడవలెను. నిలుచుండి చూచినది చాలదు. మోకాళ్ళపై కూర్చుండి బిడ్డ కన్నుల యెత్తునుండి చూచినచో పెద్దల కంటబడని మేకులు, అంచులు, గుంటలు బయటపడును. ఈ క్రింది విషయములను ముఖ్యముగా పరీక్షింపుడు.

నిలువనీరు: 2018 ఆగస్టులో భిలాయి, దుర్గ్ ప్రాంతములలో డెంగీ జ్వరము వ్యాపించి పలువురి ప్రాణములను బలిగొనినది. ఈ జ్వరమును వ్యాపింపజేయు దోమ మురికికాలువలకంటె ఇంటిలోని మంచినీటియందే ఎక్కువగా గ్రుడ్లు పెట్టును. కూలరు తొట్టి, టైరు, పూలకుండీ క్రింది పళ్ళెము, కొబ్బరిచిప్ప దానికి చాలును. గ్రుడ్డు దోమగా మారుటకు సుమారు 7 మొదలు 10 దినములు పట్టును. కావున వారమునకొకసారి అట్టి నీటిని పారబోసి, పాత్రను లోపల గట్టిగా రుద్ది కడిగి ఆరబెట్టినచో దోమ పుట్టజాలదు. ఈ దోమ పగటివేళ కుట్టును గనుక ఆడుకొను పిల్లలకు నిండు చేతుల చొక్కా తొడుగుట మంచిది.

తొట్లు, గుంటలు: నడక నేర్చుచున్న బిడ్డ కొద్ది అంగుళముల నీటిలోనైనను మునిగి మరణింపవచ్చును. నీటితొట్లకు బిడ్డ ఎత్తలేని మూత ఉండవలెను. బకెట్లను బోర్లించి ఉంచవలెను. మురుగుకాలువ మూత పగిలినచో వెంటనే సంబంధిత అధికారులకు తెలిపి మార్పించుకొనవలెను.

ఇనుము: తుప్పే ధనుర్వాతమును కలిగించునని పలువురు తలంతురు. నిజమునకు ఆ వ్యాధిబీజములు మట్టిలోను, పశువుల పేడలోను ఉండును. ఇనుప మేకు చేసిన లోతైన గాయముద్వారా అవి శరీరములో ప్రవేశించును. కావున మేకులను, రేకుముక్కలను తీసివేయుటయేగాక, టీకాలను సకాలమున వేయింపవలెను. 6, 10, 14 వారములలోను, పిదప 16 మొదలు 24 నెలల మధ్యను, 5-6 ఏండ్లకును, 10, 16 ఏండ్లకును ఇచ్చు టీకాలు ధనుర్వాతమునుండి రక్షించును. పెరడు గట్టిపడునని ఇనుప చిట్టెమును తెచ్చి పరచువారు గలరు. దాని అంచులు కోసుకొనును గనుక బిడ్డలు పడు చోట దానిని పరువరాదు.

పాములు: ఇటుకల గుట్టలు, కట్టెల మోపులు ఎలుకలకు నెలవులు. ఎలుకలున్నచోటికి నాగుపాము, కట్లపాము వచ్చును. గుట్టలను తొలగించి, గడ్డిని కురచగా కోయించి, గోడలోని కన్నములను పూడ్పింపవలెను. పాము కరచినచో కోయుట, నోటితో పీల్చుట, తాడు బిగించి కట్టుట తగవు. బిడ్డను కదలనీయక, వెంటనే 108కు ఫోనుచేసి ఆసుపత్రికి చేర్పవలెను.

విషపు మొక్కలు: ఛత్తీస్‌గఢ్‌లో కంచెగా పెంచు అడవియాముదమును హిందీలో రతన్‌జోత్ అందురు. దాని గింజలు రుచిగా ఉండుటచే పిల్లలు తిని, వాంతులు విరేచనములతో ఆసుపత్రులపాలైన సందర్భములు ఈ రాష్ట్రమున పలుమారులు జరిగినవి. ఆముదపు గింజలు, ఉమ్మెత్తకాయలు, పచ్చగన్నేరు కాయలు కూడ మిక్కిలి ప్రమాదకరములు. బిడ్డ వానిని తినినచో బలవంతముగా వాంతి చేయింపక, తినిన కాయను గాని ఆకును గాని వెంట తీసికొని ఆసుపత్రికి పోవలెను.

పాత రంగు: సీసము కలిసిన రంగు పెచ్చులు నోటబడినచో బిడ్డ మెదడు పెరుగుదలకు హాని కలుగును. గృహములకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదను నిబంధన మనదేశమున 2017 నవంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. కావున అంతకుముందు వేసిన రంగును అనుమానింపవలెను. పెచ్చులూడు రంగును పొడిగా గీకరాదు; నీటితో తడిపి, పిల్లలను దూరముగా నుంచి తీయవలెను.

ఒక కుటుంబపు ఉదాహరణము

ఒక కుటుంబమును ఊహించుకొందము. తండ్రి కర్మాగారమున షిఫ్టులలో పనిచేయును. ఇంట తల్లి, నాయనమ్మ, ఏడేండ్ల బాలిక, మూడేండ్ల బాలుడు గలరు. పెరటి మూలనున్న పచ్చగన్నేరును కొట్టివేయవలెనని కుమారుడు తలపెట్టగా నాయనమ్మకు కష్టము తోచినది.

“నేను చేతులార నాటిన చెట్టు నాయనా! ముప్పదియేండ్లుగా శివునికి ఆ పూలే పెట్టుచున్నాను. నీవును ఈ పెరటనే పెరిగితివి గదా! నీకేమయినది?” అని ఆమె అడిగెను.

“అమ్మా, నాకేమియు కాలేదనుట నిజమే. కాని చిన్నవాడు దొరికినదెల్ల నోట పెట్టుకొనుచున్నాడు. నిన్న వాని పిడికిలిలో ఆ కాయ చూచితిని” అని కుమారుడు చెప్పెను.

ఆమె కొంతసేపు మాటాడలేదు. మరునాడు తానే దగ్గర నిలిచి చెట్టును తీయించినది. దాని స్థానమున మందారమును, మల్లెను నాటిరి. వానికి నీరుపోయు పని మనుమరాలికి అప్పగింపబడినది. ఇంటి పెద్దలకు కారణమును మన్ననతో తెలిపినచో వారే పిల్లలకు మొదటి రక్షకులగుదురు.

రెండవ పని: నేలను సిద్ధపరచుట

ఈ ప్రాంతమున ‘కన్హార్’ అను నల్లరేగడి నేలయు, ‘భాటా’ అను ఎర్రని గరపనేలయు కనబడును. నల్లరేగడి వానలకు ఉబ్బును, వేసవిలో బీటలు వారును. అందు గొయ్యి త్రవ్వి ఇసుక పోసినచో నీరు దిగక నిలిచిపోవును. కావున ఇసుకతొట్టిని నేలపైననే కట్టుట మేలు. 5 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 9 అంగుళముల యెత్తుగల తొట్టికి సుమారు 19 ఘనపుటడుగుల ఇసుక పట్టును. అంచులను నున్నగా గుండ్రముగా చేయవలెను. పిల్లులు, కుక్కలు మలినము చేయకుండ రాత్రివేళ టార్పాలినుతో కప్పవలెను. కప్పుపై వాననీరు నిలువకుండ చూడవలెను.

పెరడు ఇంటి గోడనుండి వెలుపలికి వాలుగా ఉండవలెను. నడకదారికి మొరము పోసి దిమ్మిస కొట్టినచో వర్షాకాలమున బురద తగ్గును. క్వార్టరు సంస్థకు చెందినది గనుక అనుమతిలేక పక్కా కట్టడములు కట్టరాదు. ఇచ్చట చెప్పిన పనులలో ఎక్కువభాగము తాత్కాలికములే.

మూడవ పని: ఆటవస్తువులను అమర్చుట

ఆటస్థలమునకు ఎక్కువ ధనము అవసరము లేదు. డెన్మార్కు దేశపు ఉద్యానశిల్పి సోరెన్సన్, అలంకరించిన ఆటస్థలములకంటె ఇండ్లు కట్టు చోట్లనే పిల్లలు ఎక్కువ ఉత్సాహముతో ఆడుట గమనించెను. ఆయన ఆలోచన ననుసరించి 1943లో కోపెన్‌హాగన్ నగరపు ఎండ్రుప్ ప్రాంతమున చెక్కలు, పెట్టెలు, మట్టి మున్నగు సామాన్యవస్తువులతో ఒక ఆటస్థలము ఏర్పడి లోకమున ప్రసిద్ధి చెందినది. నున్నగా చిత్రికపట్టిన చెక్కదుంగలు, అట్టపెట్టెలు, పాత గిన్నెలు మన పెరటిలోను ఆ పనికి చాలును. మూడేండ్ల బాలునికి ఇసుక, నీరు, గరిటె ఉన్న గుజ్జనగూళ్ళు వండుకొనుచు గంటసేపు ఆడుకొనును. నీటితో ఆడునప్పుడు మాత్రము పెద్దవారొకరు దగ్గర ఉండవలెను.

ఊయల కట్టదలచినవారు స్థలమును కొలుచుకొనవలెను. దూలము ఎంత యెత్తున నుండునో దానికి రెండింతల దూరము ముందును, రెండింతల దూరము వెనుకను ఖాళీగా ఉండవలెను. 6 అడుగుల యెత్తునకు మొత్తము 24 అడుగుల నిడివి కావలెను. 4 అడుగుల చిన్న ఊయలకు 16 అడుగులు చాలును. మునగకొమ్మ పెళుసైనది, దానికి ఊయల కట్టరాదు, దానిని పిల్లలచే ఎక్కింపరాదు. ఎక్కు సాధనము చుట్టును 6 అడుగుల మేర గోడ, రాయి, గట్టునేల లేకుండ చూడవలెను. 4 అడుగుల యెత్తునుండి పడు బిడ్డను కాపాడుటకు క్రింద 9 అంగుళముల వదులు ఇసుక పోయవలెను. గచ్చుపై పరచిన పలుచని చాప ఆ పని చేయజాలదు.

మిగిలిన స్థలమున గీతలు గీసి తొక్కుడుబిళ్ళ ఆడవచ్చును. ఏడుపెంకులాట, దాగుడుమూతలు, గోలీలు, బొంగరములు పిల్లలకు నేర్పుడు. శ్రావణ అమావాస్యనాడు వచ్చు హరేలీ పండుగకు ఛత్తీస్‌గఢ్ పిల్లలు ‘గేడీ’ యను వెదురు పొయ్‌కాళ్ళపై నడతురు. పొరుగుపిల్లలనుండి మన పిల్లలు దానిని నేర్చుకొని, వారికి తొక్కుడుబిళ్ళ నేర్పినచో రెండిండ్లకును స్నేహము పెరుగును.

ప్రతిదినము పాటింపవలసినవి

ఏప్రిల్, మే నెలలలో ఎండ తీవ్రముగా ఉండును. పగలు 11 గంటలనుండి 4 గంటలవరకు పిల్లలను వెలుపల ఆడనీయరాదు. ఉదయము, సాయంకాలము ఆడునప్పుడు మాటిమాటికి నీరు త్రాగింపవలెను. ఇనుప జారుడుబల్లను ఎండలో చేతితో తాకి చూచిన పిదపనే బిడ్డను ఎక్కింపవలెను.

కొంకిపురుగు పిల్లలు మలినమైన నేలపై వట్టికాళ్ళతో నడచునపుడు చర్మముగుండ లోనికి పోయి రక్తహీనతను కలిగించును. పాదరక్షలు తొడుగుట, మరుగుదొడ్డిని వాడుట, ఆట ముగియగనే సబ్బుతో చేతులు కడుగుట దీనికి విరుగుడు. 2015లో ప్రారంభమైన జాతీయ నులిపురుగుల నిర్మూలన కార్యక్రమముక్రింద 1 మొదలు 19 ఏండ్లవారికి ఇచ్చు మాత్రను తప్పక వేయింపవలెను.

పెద్దవారొకరు కనుచూపుమేరలో ఉండవలెను గాని, అడుగడుగునకు “పడెదవు, పోకుము” అని వారింపరాదు. చిన్నగీత, చిన్నదెబ్బ పెరుగుదలలో భాగములు. ప్రాణాపాయమును, అంగవైకల్యమును కలిగింపగలవానిని మాత్రము ముందే తొలగింపవలెను.

మీ పనుల పట్టిక

మొదటి వారము: చెత్త, ఇనుము, టైర్లు తొలగింపుడు; నిలువనీరు పారబోయుడు.
రెండవ వారము: మొక్కలను పరీక్షింపుడు, గుంటలను పూడ్చుడు, తొట్లకు మూతలు పెట్టుడు.
మూడవ వారము: నేలను సరిచేసి ఇసుకతొట్టిని అమర్చుడు.
నాలుగవ వారము: ఊయలను కొలతప్రకారము కట్టి, పొరుగు పిల్లలను పిలువుడు.
పిమ్మట ప్రతి ఆదివారము: పది నిమిషములు కేటాయించి త్రాళ్ళు, మేకులు, నీటిపాత్రలు చూడుడు.

ఈ పనులలో పిల్లలను కూడ చేర్చుకొనుడు. ఏడేండ్ల బాలిక కుండీల క్రింది నీటిని పారబోయగలదు. మూడేండ్ల బాలుడు ఎండుటాకులను ఏరగలడు. తాము శుభ్రపరచిన చోటును పిల్లలు తమదిగా భావించి కాపాడుకొందురు. పని ముగిసిన సాయంకాలము వంటయింటి తలుపు తెరచి, వారిని పెరటిలోనికి పోనిండు.