బెట్టను పసిగట్టు కందిమొక్క

వాన మొగము చాటుచేసి మూడు వారములు గడచిన పిమ్మట చేని గట్టున నిలిచి చూచినచో ఒక్కొక్కప్పుడు ఒక విశేషము కానవచ్చును. ఒక చేనిలో కంది వాడి తల వాల్చియుండును. ప్రక్క చేనిలోని నాటుకంది నిలదొక్కుకొని యుండును. నేల యొకటే, వాన యొకటే. భేదము విత్తనమునందు కలదు. దాని మూలమేమో మనము తెలిసికొందము.

మొక్కకు కన్నులు, చెవులు లేవు. అయినను బెట్ట రాకను అది గ్రహింపగలదు. నేల ఆరిన కొలదిని మొక్కలో ఆబ్‌సిసిక్ ఆమ్లమను పదార్థము పెరుగును. కణములలోని కొన్ని మాంసకృత్తులు దానిని పట్టుకొని, అంతవరకు కళ్ళెముగా నున్న మరికొన్ని మాంసకృత్తులను అడ్డగించును. అప్పుడు సంకేతము ముందునకు సాగి, ఆకులలోని సూక్ష్మరంధ్రములు మూసికొనును. నీరు ఆవిరియై పోవుట తగ్గును. అయితే రంధ్రములు మూసికొన్నచో మొక్క ఆహారము తయారుచేసికొనుటయు తగ్గును. కనుక ఎప్పుడు మూయవలెను, ఎప్పుడు తెరువవలెను అనునదే పంటకు ప్రాణప్రశ్న.

ఈ సంకేతములను నడపు మాంసకృత్తులకు మూలము జన్యువులు. ఒకే పోలిక గల జన్యువులను ఒక కుటుంబముగా నెన్నుదురు. ఈ కుటుంబములు ఎట్లు పెరిగినవి? సుమారు 6 కోట్ల సంవత్సరముల క్రిందట, నేటి కంది, శనగ, సోయాచిక్కుడు మొదలగువాని పూర్వజాతిలో జన్యువులన్నియు ఒక్కసారిగా రెట్టింపైనవి. సోయాచిక్కుడు వంశములో సుమారు 1 కోటి 30 లక్షల సంవత్సరముల క్రిందట మరియొక పర్యాయము అట్లే జరిగినది. కందికి ఈ రెండవ రెట్టింపు లేదు.

దస్త్రమునకు రెండవ ప్రతి యున్నచో మొదటిదానిని భద్రపరచి రెండవదానిలో మార్పులు చేయవచ్చును గదా! జన్యువుల విషయమును అట్టిదే. అదనపు ప్రతులలో పెక్కు నశించినవి. కొన్ని పాత పనినే పంచుకొన్నవి. మరికొన్ని క్రొత్త పని నేర్చినవి. ఆమ్లమును పట్టుకొను జన్యువులు ఆవజాతికి చెందిన అరబిడాప్సిస్ అను చిన్న మొక్కలో 14 కాగా, సోయాచిక్కుడులో 23 కలవు.

హైదరాబాదు చెంత పటాన్‌చెరువులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ నాయకత్వమున పలుదేశముల శాస్త్రజ్ఞులు 'ఆశ' అను కందిరకపు జన్యువులను పరిశీలించి, 2011లో ఫలితములను ప్రకటించిరి. అందు 48,680 జన్యువులను గుర్తించిరి. బెట్టను తట్టుకొను జన్యు కుటుంబములు కంది పూర్వజాతుల పరిణామమున వహించిన పాత్రను గూడ వారు చూపిరి.

కోట్ల సంవత్సరములలో సమకూడిన ఈ సంపద ఒక్క రకములోనే యుండదు. ఒకే జన్యువు రకమునకొక తీరున మారియుండును. ఒక నాటు విత్తనము అంతరించినచో దానితోపాటు అట్టి మార్పు గూడ అంతరింపవచ్చును. దానిని మరల కొనితెచ్చుటకు ఏ అంగడియు లేదు.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య సంఘమును ఏర్పరుపవలెను. ఊరి రకములను ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు చేయించు బాధ్యత ఆ సంఘముది. విత్తనము పేరు, విత్తు కాలము, బెట్ట సంవత్సరమున అది నిలిచిన తీరు పెద్దలనడిగి వ్రాయించుడు. గాదెలో నున్నంత మాత్రమున విత్తనము నిలువదు. మొలకశక్తి నశింపకముందే దానిని మరల విత్తి, క్రొత్త గింజను దాచవలెను. రాబోవు కరవునకు నేడే సిద్ధపడుట యనగా ఇదియే.