మన గుట్టల్లో చల్లారిన నిప్పు

అగ్నిపర్వతం అనగానే మనకు పుస్తకంలోని బొమ్మే గుర్తుకొస్తుంది. కొండ కొనన ఒక నోరు, అందులోంచి ఎర్రగా ఎగజిమ్మే లావా. అది జపాన్‌లోనో, ఇండోనేషియాలోనో ఉండే సంగతి, మనకు మాత్రం నాలుగు మార్కుల ప్రశ్న అనుకుంటాం. కానీ మిత్రులారా, ఖమ్మం ఖిల్లా నిలిచిన గుట్ట, మన ఇళ్లలోని రోళ్లు, రోడ్డు మీద పరిచే కంకర, క్వారీలో కోసే గ్రానైట్ దిమ్మె, వీటిలో చాలావరకు ఒకప్పుడు కరిగి కాగిన శిలాద్రవమే. మా హాస్టల్ మిత్రుల్లో చాలామంది అమ్మానాన్నలకు ఆ రాయే కూడు పెడుతోంది. అందుకే ఈ పాఠాన్ని మన ఊరి రాయి దగ్గర నుంచే చదువుదామని ఈ వ్యాసం రాస్తున్నాం.

మాగ్మా ఎలా పుడుతుంది?

భూమి లోపలంతా లావా కుతకుతలాడుతూ ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. భూపటలం కింద ఉన్న ప్రావారం దాదాపుగా గట్టి రాయే. భూపటలంలో లోతుకు వెళ్లేకొద్దీ కిలోమీటరుకు సుమారు 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ వేడి పెరుగుతుంది. అయినా పైనున్న రాళ్ల బరువు వల్ల కలిగే ఒత్తిడి అడుగు రాయిని కరగనివ్వదు.

అది కరగడానికి ముఖ్యంగా మూడు కారణాలు. ఒకటి, అడుగున ఉన్న వేడి రాయి పైకి జరిగినప్పుడు దాని మీద ఒత్తిడి తగ్గడం. రెండు, సముద్రపు అడుగు పలక మరో పలక కిందికి దూరినప్పుడు దానితో వెళ్లిన నీరు ప్రావారంలో చేరడం. నీరు చేరితే రాయి తక్కువ వేడికే కరుగుతుంది. మూడు, పైకి వచ్చిన వేడి మాగ్మా చుట్టూ ఉన్న రాయిని కరిగించడం. ఇలా పుట్టిన మాగ్మా చుట్టూ ఉన్న రాయి కంటే తేలిక. అందుకే పగుళ్లు వెతుక్కుంటూ పైకి వస్తుంది.

ఎందుకు పేలుతుంది?

దీనికి గోళీసోడా మంచి ఉదాహరణ. సీసా మూసి ఉన్నంతసేపు గ్యాసు నీటిలోనే కరిగి ఉంటుంది. గోళీ లోపలికి నొక్కగానే ఒత్తిడి తగ్గి, బుసబుసమని నురుగు పొంగుతుంది. మాగ్మాలో కూడా నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్ కరిగి ఉంటాయి. మాగ్మా పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. వాయువులు బుడగలై ఉబ్బి, మాగ్మాను పైకి తోస్తాయి.

అయితే అన్ని అగ్నిపర్వతాలూ ఒకేలా పేలవు. తేడా సిలికాలో ఉంది. బసాల్ట్ మాగ్మాలో సిలికా 50 శాతం దగ్గర ఉంటుంది. అది పలచన. గ్రానైట్ రకం మాగ్మాలో 70 శాతం దాకా ఉంటుంది. అది చిక్కన. పొయ్యి మీద నీళ్లు మరిగితే బుడగలు సులువుగా పోతాయి. చిక్కటి జావ ఉడికితే బుడగ లోపలే ఇరుక్కుని, టప్పుమని చిట్లి చేతి మీద పడుతుంది. ఇదీ అంతే. హవాయి దీవుల్లోని కిలావియాలో పలచని లావా ఎక్కువగా ఏరులా పారుతుంది. ఇండోనేషియాలోని క్రకటోవా 1883 ఆగస్టులో పేలినప్పుడు 36 వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువ మందిని బలిగొన్నది ఆ పేలుడు లేపిన సునామీ. ఆ శబ్దం సుమారు 4,800 కిలోమీటర్ల దూరంలోని రోడ్రిగ్స్ దీవిలో కూడా వినిపించింది. మన దేశంలో నేటికీ నిప్పు చిమ్మే అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి. చాలా కాలం నిద్రపోయి 1991లో అది మళ్లీ మేల్కొంది.

గోదావరి దాకా వచ్చిన లావా

పలచని లావా ఎంత దూరం పారగలదో చూడాలంటే విదేశాలకు వెళ్లనక్కర్లేదు. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల క్రితం దక్కనులో భూమి పగుళ్ల నుంచి లావా పొరలు పొరలుగా పారింది. ఇప్పటికీ అది సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. ఆదిలాబాద్, వికారాబాద్ వైపు కనిపించే నల్లరేగడి ఆ బసాల్ట్ చివికి ఏర్పడిన నేలే.

మన తల్లాడ నుంచి సత్తుపల్లి, అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం మీదుగా రాజమండ్రి వైపు వెళితే, కొవ్వూరుకు ముందు దుద్దుకూరు, పంగిడి వస్తాయి. అక్కడ తవ్వే నల్లరాయి కూడా ఆ బసాల్టే. పడమటి కనుమల వైపు పుట్టిన లావా పాత నదీలోయల వెంట వందల కిలోమీటర్లు పారి అక్కడికి చేరిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆ లావా పొరల నడుమ ఉన్న సున్నపురాయిలో గుల్లల శిలాజాలు దొరికాయి. అంటే ఒక ప్రవాహానికీ మరో ప్రవాహానికీ మధ్య అక్కడ నీరూ, జీవులూ ఉండేవన్నమాట.

పైకి రాని మాగ్మా

మన గుట్టల కథ వేరు. ఇక్కడి మాగ్మా పైకి రాకుండా కిలోమీటర్ల లోతులోనే ఆగిపోయింది. తెలంగాణ గ్రానైట్లలో చాలావాటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. పైనున్న రాయి దుప్పటిలా కప్పి ఉండటం వల్ల మాగ్మా లక్షల ఏళ్ల పాటు మెల్లగా చల్లారింది. స్ఫటికాలు పెరగడానికి కావలసినంత సమయం దొరికింది. తర్వాత వానకూ గాలికీ పై రాయి అరిగి పోయి, లోపలి గ్రానైట్ బయటపడింది.

విరిగిన గ్రానైట్ ముక్కను ఎండలో తిప్పి చూడండి. గాజులా మెరిసేది పలుగురాయి. గులాబీ, తెలుపు గింజలు ఫెల్డ్‌స్పార్. తళుక్కుమనే నల్ల రేకులు అభ్రకం. అదే పంగిడి బసాల్ట్‌లో గింజలు కంటికి ఆనవు. బయట త్వరగా చల్లారింది కాబట్టి స్ఫటికాలు పెరగలేదు. ఈ రెండింటికీ మధ్యది డోలరైట్. భూమి పగుళ్లలో గోడలా నిలబడి చల్లారిన మాగ్మా ఇది. మన జిల్లాలో నల్ల గ్రానైట్ పేరుతో అమ్మే రాయి ఎక్కువగా ఇదే. గింజ పెద్దదైతే మెల్లగా చల్లారింది, సన్నదైతే త్వరగా చల్లారింది. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే రాయి తన చరిత్ర తానే చెబుతుంది.

రాయిలో చారలు చారలుగా కనిపిస్తే అది నీస్. వేడికీ ఒత్తిడికీ మారిన రూపాంతర శిల. సత్తుపల్లి, కొత్తగూడెం బొగ్గు ఉండేది అవక్షేప శిలల్లో. మూడు రకాల శిలలూ మన బస్సు దారిలోనే ఉన్నాయి.

వేడినీరు చూసి భయపడాలా?

భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున, మణుగూరు దగ్గర పగిడేరులో భూమి నుంచి వేడినీరు వస్తుంది. కింద అగ్నిపర్వతం ఉందేమోనని కొందరి భయం. అలాంటిదేమీ లేదు. వాన నీరు పగుళ్ల గుండా చాలా లోతుకు దిగి, అక్కడి వేడికి కాగి, మళ్లీ పైకి వస్తుంది. అంతే.

భయపడవలసింది దుమ్ముకు

పేలుడుకు కారణమయ్యే సిలికాయే చల్లారాక పలుగురాయిగా గ్రానైట్‌లో నిలిచి ఉంది. రాయి రాయిగా ఉన్నంతవరకు దానివల్ల హాని లేదు. కానీ కోసినప్పుడు, డ్రిల్లింగ్ చేసినప్పుడు, కంకర మిషన్‌లో నలిగినప్పుడు కంటికి కనిపించనంత సన్నని సిలికా దుమ్ము లేస్తుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడి సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. వచ్చాక బాధపడటం కంటే రాకుండా చూసుకోవడమే మార్గం.

ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే సరిపోదు. ఆ సన్నని దుమ్ము బట్టలోంచి లోపలికి పోతుంది. రాయి మీద నీళ్లు పోస్తూ కోయాలి, దుమ్మును ఆపే సరైన మాస్కు వాడాలి. దుమ్ము పట్టిన బట్టలు విడిచాకే పిల్లలను ఎత్తుకోవాలి. ఆగని దగ్గు, ఆయాసం ఉంటే డాక్టరుకు తాను చేసే పని ఏమిటో తప్పక చెప్పాలి. దాన్ని టీబీ అని మాత్రమే అనుకునే ప్రమాదం ఉంది. సిలికోసిస్ ఉన్నవారికి టీబీ కూడా తేలికగా సోకుతుంది.

మిత్రులారా, ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మన అమ్మానాన్నలకు ఈ పాఠం చెబుదాం. వాళ్లు చేత్తో పట్టుకునే రాయి 250 కోట్ల ఏళ్ల నాటిదని తెలిస్తే సంతోషిస్తారు. దాని దుమ్ము సంగతి తెలిస్తే జాగ్రత్త పడతారు. నాలుగు మార్కుల ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు మాకు తోచలేదు.