ముందు ఆరడుగుల కర్ర

బిడ్డా వైష్ణవీ,

గొలుసుతోని కలిపిన రెండు పొట్టి కట్టెల నంచాకు కొనియ్యమని రాసినవ్. 1973ల 'ఎంటర్ ది డ్రాగన్' సినిమా వచ్చిన కాడికెళ్లి పోరగాళ్లందరికీ అదే మోజు. నేనైతే కొనియ్య. అది తిప్పుతుంటే చూసేటోళ్లు చప్పట్లు కొడ్తరు గానీ ఆ వేగంల నీ తప్పు నీకే కనబడదు. ముందు బో పట్టు. ఒకినావా కర్ర, పొడుగు ఆరు షాకు, అంటే దగ్గరదగ్గర 182 సెంటీమీటర్లు. చెయ్యి కొంచెం తప్పితే అవతలి కొస జానెడు పక్కకు పోతది. దాచుకుందామన్నా దాగదు.

ఊరేగింపుల్ల మన కర్రసాము చూసినవ్ గదా, అక్కడ కర్ర మనిషి చుట్టూ తిరుగుతది. బో అంతగనం తిరగదు. కొట్టేది ముందు చెయ్యే అనుకుంటరు చానమంది. ఎనక చెయ్యి నడుము కాడికి గుంజితెనే దెబ్బకు బలం. చల్ల చిలికేటప్పుడు ఒక చెయ్యి తాడు గుంజితే ఇంకోటి వదుల్తది సూడు, అట్ల. ముందు చేతిని గట్టిగ బిగబడితే భుజం లేస్తది, కొస వణుకుతది. బర్కస్‌ల పహిల్వాన్లను అడుగు, పట్టు కన్నా ముందు కాళ్లు చూస్తమంటరు. దీనికీ అంతే.

షాలిబండ గల్లీల జాగ లేదని ఏడ్వకు. ఇరుకు గల్లీ పొడుపు నేర్చుకోనీకి మంచిది, కర్ర వంకరపోతే గోడనే చెప్తది. దారానికి నిమ్మకాయ కట్టి గొంతు ఎత్తున వేలాడదియ్యి. పొడిచేటప్పుడు ముందు పిడికిలి వదులు చెయ్యి, కర్ర అందులకెళ్లి జారాలె, కొస నిమ్మకాయకు బెత్తెడు ఇవతల ఆగాలె. కాయ ఊగిందంటే ఆగలేదన్నట్టే. మిద్దె మీద మాత్రం వద్దు, కరెంటు తీగెలున్నయ్.

ఒకినావాల ఆయుధాలు గుంజుకుంటే రైతులు పనిముట్లతోని కొట్లాడిన్రన్న కథ నీకూ చెప్పే ఉంటరు. జపాన్‌ల సత్సుమా సైన్యం 1609ల ఒకినావాల ఉన్న ర్యూక్యూ రాజ్యాన్ని గెలిచింది నిజమే. మిగతాది సగమే నమ్ము. సాయి అనే ఇనుప ఆయుధం అక్కడి పోలీసు అధికార్ల చేతుల ఉండేది. 'సకుగావా నో కోన్' అనే కర్ర కతా (వరుస తప్పకుండ చేసే కదలికల పాఠం) ఎవరి పేరు మీదుందో ఆ సకుగావా గూడ పెచిన్ అనే ఉద్యోగ వర్గం మనిషే. అటెన్క తైరా షింకెన్ (1897–1970) చెదిరిపోతున్న కతాలను కూడబెట్టి 1955ల సంఘం పెట్టకపోతే అందులెన్ని మిగులునో.

లాఠీ కొనకు. వెదురు కణుపులకు చెయ్యి జారదు. ఒకినావాల ఓక్ కట్టె వాడ్తరు, నీకు నున్నగ చిత్రిక పట్టిన గట్టి కట్టె ఏదైనా చాలు. వార్నిష్ ఉంటే గీకెయ్యి, చెమటకు అంటుకుంటది. గరుకు కాగితంతోని రుద్ది అవిసె నూనె పట్టియ్యి. ఐతారం తీసుకొని రా. ఆటోల పట్టదు, అఫ్జల్‌గంజ్ దాక బస్సుల నిలువుగ పట్టుకో.

మీ తాత